పక్కింటి ప్లాను
(స్మారకోపన్యాస పాఠం)



ఈ సభ ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన తన ఉద్యోగ జీవితమంతా మునిసిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలోనే గడిపారు. నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి. ఆయన పేరిట ఏదైనా మాట్లాడమన్నప్పుడు నగరాల భవిష్యత్తు, మాస్టర్ ప్లాన్లు వంటి పెద్ద విషయాలు ఎంచుకోవచ్చు. కానీ ఆయన రోజూ తల బద్దలు కొట్టుకున్న ప్రశ్న అంతకంటే చిన్నది. మనలో ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేది. పక్కింటివాళ్ళు పాత పెంకుటిల్లు తీసేసి మూడంతస్తులు కడతామంటారు. ఎదురింటివాళ్ళు కింద పోర్షనులో హాస్టల్ పెడతామంటారు. వెనక స్థలంవాళ్ళు సెల్లార్ తవ్వుతామంటారు. ఒప్పుకోవాలా, అడ్డు చెప్పాలా? దేన్ని చూసి తేల్చుకోవాలి? ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడతాను.

ప్లాను దరఖాస్తు వస్తే సైటుకు వెళ్ళి, టేపు పట్టి నాలుగు హద్దులూ కొలిచి, రిపోర్టు రాయడం ఆ రోజుల్లో ఆఫీసు పద్ధతి. ఆయన అక్కడితో ఆగేవారు కాదు. రెండు పక్కల ఇళ్ళకూ, వెనకింటికీ వెళ్ళేవారు. "అమ్మా, ఇక్కడ ఇంత ఎత్తు గోడ లేస్తుంది. మీ వంటిల్లు ఇటువైపేనా, ఒక్కసారి చూడొచ్చా?" అని అడిగి లోపలికి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి చూసేవారు. బావి ఎంత దూరంలో ఉందో, వాన నీళ్ళు ఎటు పోతున్నాయో, పాత గోడ సున్నం గోడో సిమెంటు గోడో రాసుకునేవారు. "ఆయన కట్టుకోవడం మీకు ఇష్టమేనా?" అని మాత్రం ఎవరినీ అడిగేవారు కాదు. ఎందుకండీ అంటే, "కట్టుకునే స్థలం ఆయనది. ఇష్టాయిష్టాలు అడగడానికి నాకు అధికారం లేదు, చెప్పడానికి వాళ్ళకూ లేదు. వాళ్ళకు ఏం నష్టం వస్తుందో తెలుసుకోవడం మాత్రం నా పని" అనేవారు. పొరుగువారి ప్లాను గురించి ఆలోచించే ఎవరికైనా మొదలుపెట్టాల్సిన చోటు ఇదేనని నా నమ్మకం.

ఇప్పుడు ఆ పద్ధతి చాలామటుకు పోయింది. తెలంగాణలో 2020లో టీఎస్-బీపాస్ చట్టం వచ్చింది. 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు దాటని ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అక్కణ్ణుంచి 500 చదరపు మీటర్ల దాకా, అంటే దాదాపు 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని తానే ధ్రువీకరించి దరఖాస్తు పెడితే అనుమతి వెంటనే చేతికొస్తుంది. పెద్ద భవనాలకు 21 రోజుల గడువు. ఆంధ్రప్రదేశ్ కూడా స్వీయ ధ్రువీకరణ దారి పట్టింది. ఈ మార్పును నేను తప్పుపట్టడం లేదు. ఒక్క సంతకం కోసం నెలల తరబడి ఆఫీసు మెట్లెక్కి దిగిన మధ్యతరగతి మనుషుల్ని కళ్ళారా చూశాను. ఆ బాధ తప్పడం మంచిదే. అబద్ధపు ధ్రువీకరణ ఇస్తే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా ఆ తెలంగాణ చట్టంలో ఉంది.

అయితే ఈ సౌకర్యంలో ఒక మనిషి జారిపోయాడు. అనుమతికి ముందు వెనకింటి వంటగదిలోకి వెళ్ళి చూసేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. దరఖాస్తులో స్థలం యజమాని ఉంటాడు, లైసెన్సు ఉన్న ఇంజనీరు ఉంటాడు, కొలతలు ఉంటాయి. పొరుగువాడు లేడు. పని మొదలయ్యాక గుంత ఎంత లోతు పోతోందో, స్లాబు ఎక్కడిదాకా వస్తోందో రోజూ కళ్ళతో చూసేది మాత్రం అతనొక్కడే. పరీక్షించే బాధ్యత చెప్పకుండానే అతని మీద పడింది. దానికి కావలసిన కాగితం గానీ, తెలివిడి గానీ ఎవరూ అతనికి ఇవ్వలేదు. నా ఆవేదన ఇదే.

పక్కన ఇల్లు లేస్తోందని మన ఊళ్ళలో మొదట ఎలా తెలుస్తుంది? చాలాసార్లు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన కేవియట్ నోటీసుతో. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఏ సెక్షన్ కింద, మీరు కోర్టుకెళ్ళి ఇంజంక్షన్ తెస్తారన్న అనుమానంతో, తమ మాట వినకుండా ఆర్డరు ఇవ్వొద్దని అవతలివాళ్ళు ముందే కోర్టుకు చెప్పుకుంటారు. దాని బలం 90 రోజులు. చట్టం ఇచ్చిన హక్కే, కాదనను. కానీ పదిహేనేళ్ళు పక్కపక్కన బతికి, పండగకు గారెలు ఇచ్చిపుచ్చుకున్న వాళ్ళ మధ్య ఇంటి కబురు వకీలు కాగితం మీద రావడం మంచి ఆరంభం కాదు. అందుకున్నవాడు ప్లానులో ఏముందో చదవకముందే కోపం తెచ్చుకుంటాడు. ఆ తర్వాత ఏది కనిపించినా అభ్యంతరంగానే కనిపిస్తుంది.

అందుకని చూడాల్సినవి ఏమిటో చెబుతాను. అన్నిటికంటే ముందు నేల. ఎత్తు గురించి గొడవపడేవాళ్ళు వంద మంది ఉంటే, లోతు గురించి అడిగేవాళ్ళు ఒకరిద్దరు కూడా ఉండరు. ఇల్లు కూల్చగలిగేది మాత్రం లోతే. 2024 నవంబరులో హైదరాబాదు గచ్చిబౌలి దగ్గర సిద్ధిఖ్ నగర్‌లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. పక్క స్థలంలో పునాదుల కోసం గుంత తవ్వారు. దాని అంచున, కొద్దిపాటి స్థలంలో అంతస్తు మీద అంతస్తుగా లేచిన భవనం రాత్రికి రాత్రి ఒక పక్కకు ఒరిగింది. లోపలున్నవాళ్ళు కట్టుబట్టలతో బయటికి పరుగెత్తారు. దాన్ని నిలబెట్టే దారి లేక అధికారులే యంత్రాలతో కూల్చేశారు. ఒరిగిన భవనం ఎంత సక్రమంగా కట్టిందన్నది వేరే ప్రశ్న. గుంత తవ్వే ముందు రెండు ఇళ్ళవాళ్ళూ ఒక ఇంజనీరును మధ్యన కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడుకుని ఉంటే ఆ కుటుంబాల సామాను శిథిలాల కింద పడేది కాదు.

మన నేలల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. రేగడి భూమి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ఎర్రమట్టి గుంత ఎండాకాలంలో నిటారుగా నిలబడి మేస్త్రీకి ధైర్యమిస్తుంది, ఒక్క గట్టి వాన పడగానే విరిగి జారుతుంది. కాబట్టి పక్కింట్లో తవ్వకం ఉందంటే అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఎంత లోతు? నా గోడ నుంచి ఎంత దూరం? నా పునాది ఎంత లోతులో ఉందో మీ ఇంజనీరుకు తెలుసా? ఒకేసారి జేసీబీతో మొత్తం తీస్తారా, ముక్కలు ముక్కలుగా తీసి, కాంక్రీటు పోసుకుంటూ వెళ్తారా? గుంత అంచుకు ఆపు ఏం పెడుతున్నారు? వానల్లోనా, ముందేనా? ఈ ప్రశ్నలకు సరైన జవాబు వస్తే ధైర్యంగా ఉండండి. "ఏం కాదు లెండి, మేం చూసుకుంటాం" అన్నదే జవాబైతే అక్కడ అభ్యంతరం చెప్పడం మీ హక్కే కాదు, మీ ఇంట్లో ఉన్న పిల్లల పట్ల మీ బాధ్యత.

దీనికి చట్టం లేదనుకోకండి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 7వ సెక్షన్ ఉదాహరణల్లోనే, ఒక భూమికి పక్క భూమి సహజంగా ఇచ్చే ఆనిక ఆ భూయజమాని హక్కు అని ఉంది. కాకపోతే ఆచరణలో అది ఎక్కువగా కూలిన తర్వాత దావా వేసుకోవడానికి పనికొచ్చే హక్కు. కూలకముందు మాట్లాడుకునే పద్ధతి ఇంగ్లండులో ఉంది. అక్కడ 1996లో ఉమ్మడి గోడల కోసం ఒక చట్టం చేశారు. పొరుగు భవనానికి మూడు మీటర్ల లోపల, దాని పునాది కంటే లోతుగా తవ్వాలంటే నెల రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలి. పద్నాలుగు రోజుల్లో పొరుగువాడు సమ్మతి తెలపకపోతే, ఇద్దరికీ కలిపి ఒక సర్వేయరో, చెరొకరో కూర్చుని పని ఎలా చేయాలో రాసిపెడతారు. అక్కడ మౌనం అంగీకారం కింద జమ కాదు. లండన్ శివార్లలో ఇల్లు కొని వెనక గది వేయించుకున్న మన తెలుగు కుటుంబాలకు ఈ నోటీసు కొత్త కాదు. అదే కుటుంబం ఇక్కడ సొంతూళ్ళో తల్లిదండ్రుల ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు పొరుగువారికి ఒక్క ముక్క చెప్పకుండా మొదలుపెడుతుంది. మనుషుల్లో తేడా లేదు, అడిగే పద్ధతి ఇక్కడ లేదంతే.

రెండోది గాలి, వెలుతురు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో పది మీటర్ల ఎత్తు దాకా కట్టేవాళ్ళు పక్కలా వెనకా ఒక్కొక్క మీటరు వదలాలి. 200 గజాల స్థలం అంటే 167 చదరపు మీటర్లు, ఆ కోవలోకే వస్తుంది. ఒక మీటరు అంటే మనిషి చేతులు బార చాపడానికి కూడా చాలదు. కానీ ఇద్దరూ వదిలితే మధ్యన రెండు మీటర్లు అవుతుంది. నిచ్చెన వేయొచ్చు, డ్రైనేజీ బాగుచేయొచ్చు, మంట అంటుకుంటే మనిషి దూరి వెళ్ళొచ్చు. ఒకరు మింగేస్తే రెండోవారి మీటరు ఎందుకూ పనికిరాని సందుగా మిగులుతుంది. నా స్థలంలో నేను వదిలిన మీటరు సగం మీకోసం, మీరు వదిలింది సగం నాకోసం. అందుకే ఇలా వదలాల్సిన ఖాళీ, అంటే సెట్‌బ్యాక్, ఆక్రమణ గురించి అడిగేవాణ్ణి ఓర్వలేనివాడని అనడం అన్యాయం. అతను తనకు చెందాల్సిన సగం అడుగుతున్నాడు.

అయితే వెలుతురు కాస్త తగ్గినంత మాత్రాన అన్యాయం జరిగినట్టు కాదు. ఈ గీత గుర్తించడం కష్టం, కానీ గుర్తించాలి. ఇరవై ఏళ్ళుగా ఆటంకం లేకుండా ఒక కిటికీ గుండా వెలుతురు అనుభవిస్తే దాని మీద హక్కు ఏర్పడవచ్చని మన చట్టం అంటుంది. అప్పుడు కూడా పరీక్ష ఒకటుంది. 1904లో ఇంగ్లండు హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక వ్యాజ్యంలో దాన్ని స్పష్టం చేసింది. ఎంత వెలుతురు పోయిందని కాదు, మిగిలింది మామూలు మనిషి మామూలుగా బతకడానికి చాలుతుందా అని చూడాలన్నది దాని సారం. మీ మేడ మీంచి కనిపించే గుడి గోపురం ఇక కనిపించదు. బాధే. కానీ ఆ దృశ్యం మీ ఆస్తి కాదు. మీ వంటింట్లో పట్టపగలు లైటు వేసుకోవాల్సి వస్తే అది వేరు. మొదటిదానికి మనసు సర్దుకోవాలి, రెండోదానికి గట్టిగా అడగాలి.

మూడోది వాడకం. కట్టడం ఒక పేరుతో మొదలై మరో పనికి మళ్ళడం మన ఊళ్ళలో మామూలు. 1974లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఉడుపి కేసు ఈ విషయంలో ప్రతి పొరుగువాడూ తెలుసుకోవాల్సింది. నివాస ప్రాంతంలో కల్యాణ మండపం, ఉపన్యాస మందిరం పేరుతో అనుమతి తీసుకున్న భవనాన్ని సినిమా హాలుగా మార్చడానికి మునిసిపాలిటీ ఒప్పుకుంది. ఆ ప్రాంతవాసి ఒకాయన కోర్టుకెక్కారు. మునిసిపాలిటీ చేసింది తప్పేనని, అయితే యజమాని అప్పటికే డబ్బు ఖర్చుపెట్టాడు గనుక కదిలించలేమని హైకోర్టు అంది. సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. చట్టవిరుద్ధమైన అనుమతి డబ్బు ఖర్చయినంత మాత్రాన చట్టబద్ధం కాదని, అటువంటి కట్టడం చుట్టుపక్కల నివసించేవాళ్ళ ఆస్తి అనుభవాన్నే దెబ్బతీస్తుందని, వాళ్ళకు అడిగే హక్కు ఉందని తేల్చింది. "నీకేం సంబంధం?" అని ఎవరైనా అంటే, సంబంధం ఉందని యాభై ఏళ్ళ కిందటే తేలిపోయింది.

ఇక లెక్కలోకి తీసుకోకూడనివి ఉన్నాయి. ఇక్కడ మాట కొంచెం కటువుగా చెప్పాలి. పక్కింటి మెట్లు మా ఈశాన్యానికి ఎదురుగా వస్తున్నాయని, వాళ్ళ ఇల్లు లేస్తే మాకు పల్లం అవుతుందని వాస్తు కారణాలతో వచ్చే అర్జీలు ఆఫీసులో కట్టలు కట్టలు చూశాను. మీ ఇంటికి మీరు వాస్తు చూసుకోండి, పొరుగువాడి స్థలానికి దాన్ని వర్తింపజేయకండి. అంతకంటే బాధాకరమైనది ఇంకొకటి. అర్జీలో సెట్‌బ్యాక్ అని రాసి ఉంటుంది. అసలు కారణం కట్టుకుంటున్నవాళ్ళ కులమో, మతమో, వాళ్ళింట్లో వండుకునే కూరో అయి ఉంటుంది. తాతల నాడు వాడ చివర ఉన్న కుటుంబం ఈనాడు సంపాదించుకుని నడివీధిలో మేడ కడుతుంటే, అంతవరకు ఏ కొలతా అడగనివాళ్ళు అకస్మాత్తుగా నియమాలు చదవడం మొదలుపెడతారు. నాకు పని నేర్పిన ఆ సూపర్‌వైజరు గారు, ఈ సభ ఎవరి పేరిట జరుగుతోందో ఆయన, అలాంటి అర్జీ వస్తే ఆ వీధిలో ఇళ్ళన్నీ కొలిచేవారు, అర్జీదారు ఇల్లు ముందు. సగానికి పైగా అర్జీలు అక్కడే వెనక్కి పోయేవి. అభ్యంతరాన్ని బేరంగా మార్చుకుని, ఇంత ఇస్తే ఉపసంహరించుకుంటామనేవాళ్ళ సంగతి వేరే చెప్పను. వాళ్ళు నిజమైన బాధితుల నోరు నొక్కుతున్నారు, అంతే.

సమ్మతి ఎంత విలువైనదో నోయిడా ఎమరాల్డ్ కోర్ట్ జంట టవర్ల కథ చెబుతుంది. అక్కడ ముందే ఫ్లాట్లు కొనుక్కుని ఉంటున్నవాళ్ళకు తోటగా చూపించిన చోట రెండు ఎత్తైన టవర్లు లేచాయి. పాత బ్లాకుకూ కొత్త టవరుకూ మధ్య 16 మీటర్లు ఉండాల్సింది 9 మీటర్లే ఉంది. ఉత్తరప్రదేశ్ అపార్ట్‌మెంట్ చట్టం ప్రకారం అప్పటికే ఉన్న ఫ్లాటుదారుల సమ్మతి తీసుకోవాలి, తీసుకోలేదు. ఆ నివాసుల సంఘం అలహాబాద్ హైకోర్టుకెళ్ళింది. 2014లో కూల్చమని తీర్పు వచ్చింది. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది. 2022 ఆగస్టు 28న పేలుడు పదార్థాలతో వాటిని నేలమట్టం చేశారు. ఆ దుమ్ము మేఘాన్ని దేశమంతా టీవీలో చూసింది. అంతకుముందు ఆ సాధారణ ఉద్యోగులు, రిటైరైనవాళ్ళు చందాలు వేసుకుని ఏళ్ళ తరబడి ఫైళ్ళు మోసిన సంగతి అంతగా చూడలేదు. ఆరంభంలో ఒక సమావేశం పెట్టి ప్లాను పరిచి ఉంటే అంత సిమెంటు, అంత ఇనుము, అంతమంది కొనుగోలుదారుల కష్టం బూడిదయ్యేవి కావు.

ఇక క్రమబద్ధీకరణ. 2007 డిసెంబరు 31న వచ్చిన 901వ నంబరు జీవోతో ఉమ్మడి రాష్ట్రంలో భవనాల పెనలైజేషన్ పథకం మొదలైంది. ఆ తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ అదే తరహా పథకాలు వచ్చాయి. నియమం దాటి కట్టినవాడు జరిమానా కడితే కట్టడం నిలుస్తుంది. పేదవాడి చిన్న పొరపాటుకు ఇది ఆసరా అన్న వాదనలో నిజం ఉంది. కానీ ఇందాక చెప్పిన ఆ సగం మీటరు సంగతి చూడండి. అది పోయింది పొరుగువాడికి, జరిమానా చేరింది ఖజానాకు. కట్టడాన్ని క్రమబద్ధీకరించే ముందు పొరుగువాణ్ణి ఒక్క మాట అడిగే ఏర్పాటు ఉండాల్సింది. అతనిది కాని నష్టమైతే ఎంతకైనా మాఫీ చేసుకోవచ్చు, అతనిదైన నష్టాన్ని మాఫీ చేసే అధికారం మూడోవాడికి ఎక్కడిది?

ఇన్ని చెప్పాక, నేను పొరుగువాళ్ళకు వీటో ఇవ్వమని అడుగుతున్నానని ఎవరైనా అనుకుంటారేమో. అది కాదు. ఇళ్ళు కట్టాలి. ఊళ్ళు పెరుగుతున్నాయి, అద్దెలు మోయలేకపోతున్నారు, పిల్లలకు గదులు కావాలి. ప్రతి సంతకానికీ పక్కింటి గుమ్మం ముందు నిలబడాల్సి వస్తే అది ఆఫీసు మెట్ల కంటే ఘోరం. నేనడిగేది తెలియజేయడం. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, అనుమతి పొందిన ప్లానును పని జరిగినన్నాళ్ళూ సైటు దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాలంది. ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్ళు ఇవ్వాలంది. ఆ బాటలోనే మన మునిసిపాలిటీ తన పరిధిలో తాను చేయగలిగినవి ఉన్నాయి.

దరఖాస్తు పెట్టిన రోజే నాలుగు హద్దుల ఇళ్ళకూ ఒక్క పేజీ కాగితం వెళ్ళాలి. అందులో ఎత్తు, ఆ పక్కన వదిలే దూరం, తవ్వే లోతు, భవనం దేనికోసమో తెలుగులో ఉండాలి. అందినట్టు సంతకం తీసుకోవాలి, ఒప్పుకున్నట్టు కాదు. తవ్వకం ఉంటే పని మొదలుకావడానికి కనీసం పదిహేను రోజుల ముందు పక్క గోడల ఫోటోలు ఇద్దరి సమక్షంలో తీసి ఫైలులో పెట్టాలి. అప్పుడు బీట పాతదో కొత్తదో అన్న గొడవ ఉండదు. సర్టిఫికెట్ ఇచ్చేముందు సెట్‌బ్యాక్‌లు కొలిచేటప్పుడు పొరుగువాళ్ళను పిలవాలి. వాళ్ళు రాకపోతే రాలేదని రాసుకుని ముందుకెళ్ళాలి, ఆపకూడదు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. కౌన్సిల్ తీర్మానం, ఆన్‌లైన్ దరఖాస్తులో ఒక్క అదనపు పేజీ చాలు.

ఈ మాటలతోనే ఒక వినతిపత్రం రాసి బయట బల్ల మీద పెట్టాను. కౌన్సిల్ వచ్చే సమావేశానికి ముందు మునిసిపల్ కమిషనర్ గారికి అందజేస్తాం. సమ్మతమైనవాళ్ళు సంతకంతో పాటు వార్డు నంబరు, ఇంటి నంబరు రాయండి. ఇల్లు కట్టబోతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే మీ ఇబ్బంది ఏమిటో కూడా అందులోనే రాయండి. దానికోసం కింద ఖాళీ వదిలాను.